మంచు తెగని రోజు

చాముండేశ్వరి ఒకచోట కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు అమెరికాలోని అరోరా ఊళ్లో ఎవరూ లేరు. గుడిలో వ్రతానికి పిలిస్తే కథ మధ్యలో లేచి వెళ్లి ప్రసాదం అడుగంటుతోందేమో చూసి వస్తుంది. సినిమాకి తీసుకెళితే ఇంటర్వెల్ దాకా కూడా ఆగలేక, కారు తాళం వేశామో లేదోనని పార్కింగ్ దాకా నడిచి వస్తుంది. కొత్తగా అమెరికా వచ్చిన తెలుగు ఆడపిల్లలకు కారు నడపడం నేర్పడం ఆవిడ పని. ఈ కాలు నిలవని స్వభావం ఆ పనికి ఎలా సరిపోయిందని అడగకండి. పక్క సీట్లో కూర్చున్నంతసేపూ లేని బ్రేకును కుడికాలితో తొక్కుతూనే ఉంటుంది. అయినా ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్లంతా లైసెన్సులు తెచ్చుకున్నారు, భయంతోనో భక్తితోనో.

అలాంటి మనిషి చలికాలం వస్తే చాలు, గడ్డకట్టిన సరస్సు మీద చిన్న కుర్చీ వేసుకుని, పళ్లెమంత బొక్కలోకి దారం వదిలి, పూటంతా కదలకుండా మెదలకుండా కూర్చుంటుందంటే ఎవరు నమ్ముతారు? భర్త రాధాకృష్ణే నమ్మలేదు. ఒకసారి వెంట వెళ్లి, కళ్లారా చూసి, ముక్కు ఎర్రగా చేసుకుని కార్లోకి పారిపోయి వచ్చాక నమ్మాడు.

ఐసు ఆవిడకు కొత్త కాదు. ఆకివీడు ఐస్ ఫ్యాక్టరీలో వాళ్ల నాన్న మేస్త్రీ. చెరువుల నుంచి వచ్చే చేపల పెట్టెల కోసం ఐసు దిమ్మలు తీయించి, ఊక చల్లించి, గోనెలు కప్పించి లారీలకెక్కించేవాడు. బడి వదలగానే చాముండేశ్వరి ఆ దిమ్మల మీద అరచేతులు ఆనించి, ఎవరు ఎక్కువసేపు ఉంచుతారో చూద్దామని పని కుర్రాళ్లతో పందేలు కాసేది. పెళ్లయి ఇక్కడికి వచ్చిన కొత్తలో, ఉద్యోగం చేసుకునే వీసా లేక, అపార్ట్‌మెంట్ గోడలు చూస్తూ పిచ్చెక్కిపోతున్న రోజుల్లో, వెనకున్న చెరువు మీద ఒక ముసలాయన బకెట్ బోర్లించుకుని కూర్చోవడం కిటికీలోంచి చూసింది. చూసి చూసి, ఒకనాడు ఉండబట్టలేక చీర మీద కోటు తగిలించుకుని వెళ్లి ఏం చేస్తున్నారని అడిగింది. ఆయన నోరు విప్పకుండా రెండో బకెట్ బోర్లించాడు. ఆనాటి నుంచి ఆవిడకు ఊపిరాడే చోటు అదొక్కటే అయింది.

ఈ ఫిబ్రవరి శనివారం మాత్రం ఆవిడ చేపల కోసం బయలుదేరలేదు. కోడల్ని వెనక్కి తెచ్చుకోవడానికి బయలుదేరింది.

కోడలి పేరు అవని. పుట్టింది, పెరిగింది ఇక్కడే, నేపర్‌విల్లో. ఇద్దరికీ పరిచయమైంది పెళ్లిచూపుల్లో కాదు, మంచు మీద. కొన్నేళ్ల కిందట విస్కాన్సిన్ సరిహద్దు దాటాక ఉన్న, ఇవాళ వెళ్తున్న ఈ సరస్సు మీదే చాముండేశ్వరి ఫోన్లో గట్టిగా "పప్పు రెండో అరలో ఉందండీ, పెరుగు వెనకాల! వెనకాలంటే వెనకాల!" అని అరుస్తుంటే, కాలేజీ స్నేహితులతో వచ్చి చలికి వణుకుతున్న ఒక పిల్ల పగలబడి నవ్వి, "ఆంటీ, మీరు తెలుగా?" అంది. ఆ పిల్ల స్నేహితులు మళ్లీ రాలేదు. ఆ పిల్ల మాత్రం ప్రతి శనివారం వచ్చింది. రెండు చలికాలాలు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చేపలు పట్టారు. చాముండేశ్వరికి కూతుళ్లు లేరు. ఉన్న ఒక్కగానొక్క కొడుకు నీరజ్‌కి చలి పడదు, చేప వాసన అంతకంటే పడదు.

ఇక మనవాళ్ల సంగతి తెలిసిందే కదా. ఒక పిల్ల నచ్చితే నచ్చిందని ఊరుకోరు, ఇంటికి కోడలిగా తెచ్చుకుంటే తప్ప తృప్తి ఉండదు. రెండో చలికాలం చివర్లో, దారం నీళ్లలో వదిలి, ఎటో చూస్తూ చాముండేశ్వరి అడిగేసింది: "అమ్మాయ్, మా ఇంటికి కోడలిగా వచ్చెయ్యకూడదూ?" అవని నవ్వింది. తర్వాత నీరజ్‌తో కాఫీకి వెళ్లింది, ఇంకోసారి వెళ్లింది, ఒప్పుకుంది. పెళ్లయి రెండేళ్లు కావస్తోంది, అరోరాలోనే వేరే ఇంట్లో కాపురం పెట్టారు. దసరా వెళ్లాక ఒకరోజు అవని బట్టలు సర్దుకుని నేపర్‌విల్లో స్నేహితురాలి అపార్ట్‌మెంటుకి వెళ్లిపోయింది. గొడవేమీ లేదన్నాడు నీరజ్. గొడవ లేకుండా ఎవరైనా వెళ్లిపోతారా అని తల్లి వాణ్ణి పీక్కు తింది. వాడు "వదిలెయ్ అమ్మా" అన్నాడు.

ఇప్పుడు అవనికి జార్జియాలో, అల్ఫారెట్టాలో ఉద్యోగం వచ్చింది. సోమవారం ప్రయాణం. వెళ్లేముందు ఒక్కసారి లేక్‌కి వెళ్దామా అని తనే మెసేజ్ పెట్టింది. అది చదివిన క్షణం నుంచి చాముండేశ్వరి కాలుకాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది.

పొద్దున్న బయలుదేరుతుంటే రాధాకృష్ణ గరాజ్ దాకా వచ్చాడు. "నీ మాటంటే దానికి గురి. సాగదీయకుండా ఒక్కసారి అడిగెయ్యి. నువ్వడిగితే కాదనదు," అన్నాడు.

"తెలుసండీ. అడక్కుండా ఎందుకొస్తాను?" అంది ఆవిడ, మంచు తవ్వే ఆగర్‌ని డిక్కీలో పడేస్తూ.

సరస్సు ఒడ్డున అవని కారు అప్పటికే ఉంది. టోపీ చెవుల మీదికి లాక్కుని ఎదురొచ్చి, "హాయ్ ఆంటీ," అంది.

రెండేళ్లుగా అత్తయ్యా అని పిలిచిన నోరు అది.  చాముండేశ్వరి అది పట్టించుకోనట్టే, "ఏంటమ్మాయ్, చిక్కిపోయావు. తింటున్నావా, లేక ఆ డబ్బాల తిండేనా?" అంటూ మంచు మీద సామాను లాక్కెళ్లే స్లెడ్ తాడు చేతికిచ్చింది. కుర్చీలు, గేలాలు, ఫ్లాస్కు, గునపం, ఆగర్ అన్నీ దాని మీద వేసుకుని ఇద్దరూ మంచు మీదికి నడిచారు. ముందు నడుస్తూ ఆవిడ గునపంతో అడుగడుక్కీ మంచును పొడిచి చూసింది. గట్టిగానే ఉంది. జానెడు పైమాటే.

ఆవిడ లెక్క ఒకటే. బొక్క తవ్వాలి, దారం వదలాలి, అప్పుడు అడగాలి. ఆ పిల్లతో ఎప్పుడు ఏ మాటైనా బొక్క దగ్గరే నడిచింది. కాలేజీ సంగతులు, వాళ్లమ్మతో పేచీలు, పెళ్లి మాట కూడా. నిలబడి అడిగే మాటలు కావు ఇవి.

ఆగర్ అంటే వడ్రంగి బరమాకి పెద్దన్నయ్య. నడుమెత్తు ఉంటుంది, అడుగున రెండు బ్లేడ్లు, పైన కార్డ్‌లెస్ డ్రిల్లు బిగిస్తే తిరుగుతుంది. పోయిన చలికాలం వెచ్చగా పోయి సరస్సు సరిగ్గా గడ్డకట్టలేదు, దాన్ని గరాజ్‌లోంచి తీసే అవసరమే రాలేదు. ఈ చలికాలం అవని లేక ఆవిడకు ఇటు రాబుద్ధి కాలేదు, ఇవాళే అది మళ్లీ బయటికి వచ్చింది. చాముండేశ్వరి కాళ్లు ఎడంగా పెట్టి, మీట నొక్కింది. గిర్రున తిరిగింది. మామూలుగా అయితే ఊపిరి తీసి వదిలేలోగా సగం దిగిపోయి, చుట్టూ కొబ్బరికోరులా పెచ్చులు కుప్పపడేవి. ఈసారి అది మంచు మీద గుండ్రంగా ఒక గీత గీసి, పక్కకు జారి, మళ్లీ గీసింది. పైకి వచ్చింది పెచ్చులు కాదు, బియ్యప్పిండిలాంటి పొడి.

"బ్యాటరీ," అంది ఆవిడ. చలికి నీరసించి ఉంటుందని కోటు లోపల వెచ్చగా దాచిన రెండో బ్యాటరీ తీసి మార్చింది. ఇంకా జోరుగా తిరిగింది. పిండి ఇంకా ఎక్కువ వచ్చింది, బొక్క మాత్రం పడలేదు.

"రివర్స్‌లో పెట్టారా ఏంటి, ఆంటీ?"

"నేనా? రివర్స్‌లోనా?" ఊరంతటికీ గేర్లు నేర్పిన మనిషికి రోషం వచ్చింది. అయినా వంగి చూసింది. ముందుకే ఉంది.

"బ్లేడ్‌కి ఐస్ పట్టిందేమో."

అది నిజమయ్యే వీలుంది. కారు డిక్కీలో వెచ్చగా ఉండి ఒక్కసారిగా చలిలోకి వస్తే చెమ్మ బ్లేడ్ల మీద గడ్డకడుతుంది. గ్లవ్‌తో తుడిచింది. తృప్తి కలగలేదు. ఫ్లాస్కు మూత తీసి అల్లం టీ బ్లేడ్ల మీద పోసింది. ఆవిరి లేచింది, ఏలకుల వాసన గుప్పుమంది.

"ఆంటీ! టీ!"

"టీ పోతే పోయింది, మళ్లీ కాచుకోవచ్చు."

టీ పోయిందే కానీ ఆగర్ దారికి రాలేదు. ఇక ఆవిడకు ఓపిక నశించింది. డ్రిల్లు మీదికి వంగి ఒళ్లంతా మోపి నొక్కింది. ఎంతసేపు నొక్కినా దిగదే! చివరికి ఆగర్ ఎత్తి మంచు మీద ఠపీమని కొట్టబోతే అవని వచ్చి చెయ్యి పట్టుకుంది.

"మీరే నేర్పారు కదా. నొక్కకూడదు, దాని వెయిట్‌తో అదే దిగాలి అని. నెవర్ బ్యాంగ్ ఇట్ అని. వాట్స్ గోయింగ్ ఆన్ విత్ యూ?"

ఏం చెబుతుంది? ఈ బొక్క పడితే గాని నా నోట్లోంచి మాట రాదు, ఆ మాట రాకపోతే నువ్వు సోమవారం వెళ్లిపోతావు అని చెబుతుందా? ఆవిడ చెయ్యి విడిపించుకుని ఆగర్ చుట్టూ తిరిగింది. ఒకవైపు నుంచి చూసింది, ఇంకోవైపు నుంచి చూసింది. ఎవరి మీదైనా కోపం చూపిస్తే గాని ప్రాణం కుదుటపడేలా లేదు. ఆవిడకు ఎప్పుడూ చేతికందే మనిషి ఒకడున్నాడు.

"వీడే! నీరజ్‌గాడే ఏదో చేసుంటాడు. బ్లేడ్లు విప్పి తిరగేసి బిగించి ఉంటాడు. ఏ వస్తువు విలువా తెలియదు వాడికి. చేతికి బంగారంలాంటిది దొరికితే దాన్ని..." అంటూ ఆగిపోయింది. మాట ఆగర్ దాటి ఎటో వెళ్లిపోతోందని ఇద్దరికీ తెలిసింది.

"నీరజ్ దాన్ని ఎందుకు ముట్టుకుంటాడు? హీ హేట్స్ ద కోల్డ్," అంది అవని మెల్లగా. "అతన్ని ఏమీ అనకండి. ప్లీజ్."

చాముండేశ్వరి మంచు మీద చతికిలబడి, ఆగర్‌ని ఒళ్లో పెట్టుకుని, సంచిలోంచి పానా తీసి బ్లేడ్లు విప్పడం మొదలుపెట్టింది. గ్లవ్స్‌తో పట్టు దొరక్క అవి తీసేసింది. వేళ్లు మొద్దుబారాయి. మొదటి బ్లేడు ఊడి వచ్చింది. తిరగేసి ఏమీ లేదు, సరిగ్గానే ఉంది. అంచు మీద గోరు పెట్టి చూసింది. పదునైన బ్లేడైతే గోటిని పట్టుకోవాలి. ఇది జారిపోయింది. ఎండకు ఎత్తి చూస్తే అంచంతా పళ్లు పళ్లుగా విరిగి ఉంది.

"రాయి తగిలింది," అంది. "మంచులో రాయి ఎక్కడిది?"

అవని వంగి, బ్లేడు బిగించే ఇనుప పలక వెనక వేలితో గీకింది. ఎండిపోయిన నల్లమట్టి పెళ్లగా ఊడింది. దాని కింద ఇనుము మీద పసుపు మరక ఉంది, మధ్యలో ఎరుపు.

ఇద్దరూ దాన్నే చూస్తూ ఉండిపోయారు. ముందు నవ్వు మొదలుపెట్టింది అవనే.

"రాట!" అంది. "ఓ మై గాడ్, రాట!"

నీరజ్, అవనిల పెళ్లికి ముందు పందిరి రాట పాతిన రోజు సంగతి అది. అరోరాలో మగపెళ్లివారి పెరడు, ఈశాన్యం మూల. ముహూర్తం దాటిపోతోందని పురోహితుడు మాటిమాటికీ ఫోను చూసుకుంటున్నాడు, ఆయనకు అవతల ఇంకో ఇంట్లో గృహప్రవేశం ఉంది. రాధాకృష్ణ పార పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. పచ్చిక కింద అంతా కంకర, ఇల్లు కట్టినవాళ్లు పూడ్చి వెళ్లిన చెత్త. జానెడు లోతు దిగేసరికి ఆయన నడుము పట్టేసింది. పసుపు పూసిన రాట, మామిడాకులు, నవధాన్యాల గిన్నె, పాల చెంబు పట్టుకుని పేరంటాళ్లు నిలబడే ఉన్నారు. చాముండేశ్వరి ఎంతసేపని ఆగుతుంది? పట్టుచీర కొంగు దోపుకుని గరాజ్‌లోకి వెళ్లి ఆగర్ తెచ్చింది. శుభకార్యం కదా అని ఎవరో దానికి పసుపు రాసి కుంకుమ బొట్టు కూడా పెట్టారు. మీట నొక్కింది. కరకరా గరగరా చప్పుళ్లు చేస్తూ కంకరలోకి దిగిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ వీడియో అల్ఫారెట్టా నుంచి ఇర్వింగ్ దాకా బంధువులందరి ఫోన్లకీ, పెళ్లికూతురు ఫోనుకీ వెళ్లింది. మగపిల్లాడి తల్లి రాట గుంత తనే తవ్వుకుందని మురిసిపోయారు. ఆవిడ ఇంకా మురిసిపోయింది. తర్వాత ఆగర్ కడిగి, నూనె రాసి, మూల పెట్టింది. వానకి నానిన నేలే కదా, ఏమవుతుందిలే అనుకుంది.

"వాణ్ణి తిట్టాను," అంది చాముండేశ్వరి, కళ్లు తుడుచుకుంటూ. "పాపం, వాడు ముట్టుకోనే లేదు. నేనే చేశాను."

నవ్వి నవ్వి అవనికి ఎక్కిళ్లు వచ్చాయి. ఎక్కిళ్లు ఆగాక చూస్తే ఆ పిల్ల ఏడుస్తోంది. చాముండేశ్వరికి కంగారు పుట్టింది. బొక్క లేదు, దారం లేదు, అయినా ఇక అడిగేయాలి, ఇదే సమయం అనుకుని నోరు తెరిచింది.

"మీరు అడగొద్దు," అంది అవని.

"ఏం అడిగాను?"

"నాకు తెలుసు, అడగడానికే వచ్చారు. అంకుల్ చెప్పి పంపించి ఉంటారు." ముక్కు తుడుచుకుంది. "నీరజ్ మంచోడు, ఆంటీ. ఏమీ చెయ్యలేదు. కానీ మేమిద్దరం ఇంట్లో ఉంటే మాట్లాడుకోడానికి ఏమీ ఉండదు. టీవీ ఉంటుంది. మీరొస్తే ఇల్లు ఇల్లులా ఉంటుంది. మీరు వెళ్లిపోతే మళ్లీ టీవీ. నేను మీ ఇంటికి వచ్చాను. అతని దగ్గరికి రాలేదు. ఐ నో దట్ సౌండ్స్ టెరిబుల్. అతనికి కూడా తెలుసు. అందుకే మీకు ఏమీ చెప్పలేదు."

గాలి వీచి, ఆవిడ తవ్విన పిండి కాస్తా ఎగిరిపోయింది. చాముండేశ్వరి చేతిలో బ్లేడు అలాగే ఉంది.

"మీరు ఇప్పుడు రా అంటే నేను వచ్చేస్తా," అంది అవని. "నిజంగా. బ్యాగ్ సర్దుకుని మీ వెనకే వచ్చేస్తా. మీకు నో చెప్పడం నాకు రాదు. లాస్ట్ టైమ్ కూడా రాలేదు. అందుకే అడగొద్దు, ప్లీజ్."

చాముండేశ్వరి బ్లేడును సంచిలో వేసి, గ్లవ్స్ తొడుక్కుంది. 

"ఒకటి చెప్పు. వాణ్ణి చేసుకోకపోయినా నువ్వు ఇక్కడికి వచ్చేదానివా?"

"ఎవ్రీ సాటర్డే, ఆంటీ. ఎవరు ఆపుతారు?"

అప్పుడు తెలిసొచ్చింది ఆవిడకు. తనదిగా ఉన్న పిల్లనే మళ్లీ తనది చేసుకోబోయి, ఇంతమందిని పిలిచి, ఇంత హడావుడి చేసి, పోగొట్టుకుంది. పొద్దున్న బయలుదేరినప్పుడు ఆ పిల్లను వెనక్కి తేగలనో లేదోనన్న దిగులుండేది. ఇప్పుడు అదీ లేదు. తేగలదు. ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటే నాలుక చివర నిప్పులా కూర్చుంది.

ఆవిడ లేచింది. లేవకపోతే అడిగేస్తుందని భయం వేసింది. "పద, కాస్త అవతల ఎవరో వదిలేసిన బొక్కలుంటాయి. పైపైనే గడ్డకట్టి ఉంటాయి," అంటూ గునపం భుజానికెత్తుకుని నడిచింది. చేపలు పట్టేవాళ్లు వేసుకునే గుడిసెను మంచు మీద లాగిన గుర్తుల పక్కన ఒక పాత బొక్క కనిపించింది. పైన సన్నటి పొర పేరుకుంది. నాలుగు పోట్లకే పగిలి నల్లటి నీళ్లు పైకి ఉబికాయి. జాలిగరిటెతో ఐసు ముక్కలు తోడేసింది. కుర్చీలు వేశారు. దారాలు వదిలారు.

ఎన్నేళ్లుగానో మంచు మీద బొమ్మలా కూర్చునే మనిషి ఆ పూట కూర్చోలేకపోయింది. కుర్చీ జరిపింది. టోపీ తీసింది, పెట్టుకుంది. కాలు ఆడించింది. లేని బ్రేకును తొక్కింది. ఫ్లాస్కులో టీ లేదని తెలిసీ మూత తీసి చూసింది. అవని అల్ఫారెట్టాలో చూసుకున్న అపార్ట్‌మెంట్ గురించి చెబుతోంది, దగ్గర్లోనే ఇండియన్ స్టోర్ ఉందని, ఆఫీస్‌కి డ్రైవ్ చేస్తే ట్రాఫిక్ ఎక్కువని. చాముండేశ్వరి ఊఁ కొడుతోంది. ప్రతి ఊఁ వెనకాలా 'రా అమ్మాయ్, ఇంటికి వచ్చెయ్' అన్న మాట గొంతు దాకా వచ్చి తన్నుతోంది. వస్తే తప్పేముంది అని ఒకసారి అనిపించింది. అందరూ సర్దుకోవడం లేదా, తను సర్దుకోలేదా, ఇద్దరూ మంచివాళ్లే కదా, ఏళ్లు గడిస్తే మాటలు అవే పుడతాయి కదా! మరుక్షణం ఆ సోఫా, ఆ టీవీ, దాని ముందు తలుపు వంక చూస్తూ తన రాక కోసం కాచుక్కూర్చున్న ఈ పిల్ల ముఖం కళ్లముందు కదిలింది. నోరు మూసుకుంది. పెదవి కొరుక్కుంది. జన్మలో ఏ మాటనూ ఇంతసేపు నోట్లో ఆపుకున్న మనిషి కాదు.

అవని దారం ఒక్కసారిగా బిగిసింది. "ఆంటీ! ఆంటీ!" అంటూ లేచి నిలబడింది.

"లాగకు, లాగకు, మెల్లగా... చుట్టు. చుట్టు. తల కనిపించిందా? ఇప్పుడు!" అరచేతి వెడల్పు చేప మంచు మీద పడి టపటపా కొట్టుకుంది. పులుసుకి పనికొచ్చే చేప. అవని దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని, గేలం తీసి, తిరిగి నీళ్లలోకి వదిలేసింది. చాముండేశ్వరి అదేంటని అడగలేదు.

ఎండ వాలే వేళకు సామాను సర్దుకుని ఒడ్డుకు వచ్చారు. అవని ఆవిణ్ణి గట్టిగా వాటేసుకుంది.  తర్వాత అవని తన కారెక్కింది. ఇంజన్ స్టార్ట్ చేసింది. కిటికీ దించింది. వెళ్లలేదు. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ఆవిడ వంకే చూస్తూ కూర్చుంది. అద్దాల మీద మంచు కరిగి నీళ్లు కారుతున్నాయి, వైపర్లు తిరుగుతున్నాయి, ఇంకా వెళ్లదు.

అడగమంటోందా, అడగొద్దంటోందా? ఆ పిల్లకైనా తెలుసా? చాముండేశ్వరి కిటికీ మీద చెయ్యి వేసి వంగింది. ముఖం ముఖానికి దగ్గరైంది.

"సీట్‌బెల్ట్ పెట్టుకో," అంది. "హైవే ఎక్కేచోట మంచు గాజులా ఉంటుంది. బ్రేకు మీద కాలు బరువుగా వేయకు."

అవని తలాడించింది. బెల్టు పెట్టుకుంది. కారు కదిలింది. మలుపు దగ్గర అవని కారు వెనక పక్కకు తిరిగే సిగ్నల్ లైటు వెలిగింది, చుట్టుపక్కల ఒక్క కారు లేకపోయినా. డ్రైవింగు నేర్పే ఆవిడకు అది చూసి గర్వపడాలో ఏడవాలో తెలియలేదు, ఏడ్చింది.

అరోరా చేరేసరికి దీపాల వేళయింది. రాధాకృష్ణ వంటింట్లో పప్పు వేడి చేస్తూ ఉన్నాడు. ఆవిడ ఒక్కతే లోపలికి రావడం చూసి, ఆవిడ భుజం మీదుగా తలుపు వంక చూశాడు, వెనకాల ఇంకెవరైనా వస్తున్నారేమోనని.

"ఏమైంది? రానందా?"

చాముండేశ్వరి కోటు విప్పి కుర్చీకి తగిలించింది. ఎప్పుడూ లేనిది, వచ్చిన వెంటనే కుర్చీలో కూర్చుంది. కదలకుండా కూర్చుంది.

"వస్తానందండీ," అంది. "నేనే అడగలేదు."